ముందుకథ

ఆదోనిలో ఆ పొద్దు తెర మీదికి
మొదటి చెప్పు విసిరింది నేనే.
ఎడమకాలిది. కొత్తది.
ఒంటి చెప్పుతో ఇల్లు చేరినా,
తప్పు చేసినట్టు అనిపియ్యలా.

ఎట్లనిపిస్తాది?
పాత మూడు భాగాల్నీ మేం
వీడియో సెంటర్ల నేల మీద కూచుని
అరిగిపోయిన క్యాసెట్టు గీతల మధ్య చూసినోళ్ళం.
సముద్రాలకు తాళమేసిన ఆ దుర్మార్గుడు
తెర మీద నడిచొస్తాంటే
జిన్నింగు మిల్లు దుమ్ముకి దగ్గేవాళ్ళు కూడా
దగ్గు మింగేవాళ్ళు.
మద్దిలేటి వాని బొమ్మని
లెక్కల నోటుబుక్కు అట్ట మీద దిద్ది
అయ్యవారితో తన్నులు తిన్నాడు.

అట్లాంటోని చిన్నప్పటి కథంట, మళ్ళీ మూడు భాగాలంట.
చందాలేసుకొని, టెంకాయ కొట్టి లోపలికి పోతే
చూపిచ్చిందేమి?
బక్క పిల్లోడొకడు. కాలవ గట్టు. తాళమేసిన గేటు.
దాని మీద కూచుని వాని ఏడుపు.
ఆమీద ఒక సభ, సభలో లెక్కలు:
ఏ గ్రహానికి ఎన్ని నీళ్ళు, ఎవురి వాటా ఎవురు మింగినారు,
ముప్పావు గంట ముసలోళ్ళ తగువు.
"యుద్ధం యాడప్పా?" అని షాషావలి బెంచీ ఎక్కినాడు.
ఇంకా నాలుగు చేతుల బాతొకటి,
మాటకు ముందు జారిపడేది.
నా చెప్పు తగిలింది దానికే.

ఇరవై రెండేండ్లు.
ఆ హాలు ఇప్పుడు పెండ్లిమంటపం,
తెర ఉన్నచోట పెండ్లికొడుకు సోఫా.
మేం షాషావలి అంగట్లో,
రిపేరుకొచ్చిన ఎవురిదో పెద్ద టీవీలో,
నవ్వుకుందామనే పెట్టినాం దాన్ని మళ్ళీ.
నవ్వినాం కూడా, మొదటి గంట.

ఉరుకుందమ్మ జిరాక్సు అంగడి మూసి వచ్చింది.
ఆ పొద్దు లేడీస్ క్లాసులో కూచుని
ఏడ్చిన ఒకే ఒక్క మనిషి. ఏండ్ల తరబడి ఎక్కిరించినాం.
"ఇనండి," అనె.
"పిల్లోడు మంచోడుగా ఉన్నంతసేపూ పుస్తకాల తెలుగు.
చెడిపోయేకొద్దీ వాని నోట్లో మన యాస పెట్టినారు.
అప్పుడు మీరు ఈలలేసింది దానికే."
ఎవురమూ పలకలా.
మద్దిలేటి బొరుగుల పొట్లం విప్పి, మళ్ళీ మడిచినాడు.

సభ వచ్చింది. అదే ముప్పావు గంట.
ఈసారి ఎవురూ ముందుకు జరపలా.
వాటాలు, కొలతలు, పైనోళ్ళు పగలగొట్టిన తూములు,
చివరి గ్రహానికి చేరేలోపల
కాగితం మీదనే ఆవిరయ్యే నీళ్ళు.
కలెక్టరాఫీసు మెట్ల మీద టవలు నెత్తినేసుకొని
మేం కూచున్న పగళ్ళు ఎవురు చెప్పినారు వాళ్ళకి?

తిక్కస్వామి ఎల్లెల్సీ కాలవ మీద లస్కరు.
అంతవరకూ నోరిప్పలా.
రాత్రి గట్టు సీనులో, దివిటీలతో రెండు గుంపులు దిగినప్పుడు
"నిలుపు," అన్నాడు.
నిలిపినాం.
"గేటు చక్రం అంత సులువుగా తిరగదు.
గ్రీజుకి అర్జీ పెట్టి మూడేండ్లాయ."
కొంచెంసేపు తెరనే చూసినాడు.
"పోయిన ఎండాకాలం పై ఊరోళ్ళు ఒక దిక్కు,
కింద ఊరోళ్ళు ఒక దిక్కు. తాళం నా మొలతాడుకి."
ఏం చేసినావని అడిగినాడు షాషావలి.
"ఆడించు," అన్నాడు.

సినిమా బాగుపడిందని నేను ఒప్పుకోను.
బాతు అప్పుడూ దరిద్రమే, ఇప్పుడూ దరిద్రమే.
చానా చోట్ల పిల్లోని నటన ఎండిన జొన్నదంటు.
కానీ ఆ గేటు మీద వాని చేతులు వణికేది
అప్పుడు నాకెట్ల కనపడలేదో.
సరిగ్గా అప్పుడే
చెప్పు కోసం వంగింటానేమో.

మూడో భాగం. పిల్లోడు మొదటి సముద్రానికి
తాళం ఎత్తినాడు.
అప్పుడే మోగినాయి ఫోన్లు, ఒకదాని వెనక ఒకటి:
నీళ్ళొచ్చినాయి, ఆరు దినాలకి, గంటసేపే, బిరీన రాండి.
వాన్ని అట్లనే నిలిపి,
తాళం వాని చేతిలోనే ఉండగా,
చెప్పులు తారుమారు చేసుకొని వీధిలో పడినాం.

ఉరుకుందమ్మ కదల్లా.
"మా వీధి వంతు రేపు," అని
మీట నొక్కింది.