డ్రై డాక్

మల్కాపురంలో అద్దె గది. పాత ల్యాప్‌టాప్.
ఉన్న ఎనిమిది జీబీ ర్యామ్‌ని
ఒక్క ప్లేటు ఉప్మాలా రెండు మెషీన్లకి పంచాను.

ఒకటి దొంగ.
రెండోది గడియల్లేని ఇల్లు.
బయటికి దారి మూసేశాను,
ఏం జరిగినా ఈ పెట్టెలోనే.

"నీ ఇంటికి నువ్వే కన్నమేసుకుంటావేటే?"
అత్త నవ్వింది.
షిప్‌యార్డు వెల్డరు పైడిరాజు మావయ్య మాత్రం
స్క్రీన్ కేసి వంగి చూశాడు:
"డ్రై డాక్ కదేటి ఇది!
నీళ్లు తోడేసి చిల్లులు ఎతుక్కోడం."

రాత్రి రెండింటికి దొంగ లోపలికొచ్చాడు.
ఫ్యాను రొద. కిటికీలో రిఫైనరీ మంట.
పాత స్నాప్‌షాట్‌కి వెనక్కెళ్లాను.
ఇల్లు, ఏమీ ఎరగనట్టు, మళ్లీ నిన్నటిలా.

హుద్‌హుద్ ముందురోజు
మా రేకుల కప్పుకి స్నాప్‌షాట్ ఎవరు తీశారు?

ఒక్క గడియ బిగించి
దొంగని మళ్లీ లేపాను.