జనవరి తొమ్మిది

మదీనా చౌరస్తా దాటి, నయాపూల్ మీద
మూసీ వాసనకు ముక్కు మూసుకుని
పందొమ్మిదేళ్లుగా ఇదే నడక.
హైకోర్టులో కాపీయిస్టును.
తీర్పులు నావి కావు,
అచ్చుతప్పులు నావి.

ఇవాళ టేబుల్ మీదికొచ్చింది
ధూల్‌పేట కిషన్‌లాల్ లోధ్ అప్పీలు.
జనవరి తొమ్మిదిన మాంజా అమ్మాడు.
పదిన, పురానాపూల్ మలుపులో
నాన్న బండి ముందు నిలబడ్డ ఆరేళ్ల పిల్లవాడి మెడకు
పదకొండు కుట్లు.

ఆనాటి చట్టంలో ఆ అమ్మకానికి
రెండు వేల జుర్మానా, అంతే.
ఊరు భగ్గుమన్నాక, ఫిబ్రవరి పద్దెనిమిదిన
గెజిట్టు: ఐదేళ్ల జైలు.
కింది కోర్టు ఆ ఐదేళ్లను
జనవరి దాకా లాక్కొచ్చి అతనికి చుట్టింది.

మొన్న వరండాలో సఫియా అడిగింది,
"నా కొడుకు మెడకు తారీఖు రాసుందా సార్?"
నేను పెన్ను మూత వెతుక్కున్నాను.

ఇరవయ్యో అధికరణం, మొదటి ఖండం.
ఎన్నిసార్లు కొట్టానో, వేళ్లు చూడకుండానే కొడతాయి:
చేసిననాడు నేరం కాని పనికి శిక్ష లేదు,
ఆనాడు పడగలిగినదానికన్నా ఎక్కువ శిక్షా లేదు.
జడ్జిగారు ఇంకా చెప్పారు:
విచారించే కోర్టు మారొచ్చు, పద్ధతి మారొచ్చు,
వాటిమీద ముద్దాయికి పట్టా ఏమీ లేదు.
చట్టం మెత్తబడితే ఆ మెత్తదనం
వెనక్కి నడిచి వెళ్లొచ్చు.
కోపానికి ఆ దారి మూసేశాం.

ఆరో పేజీలో నా చెయ్యి ఆగింది.
ఫిబ్రవరి ఇరవై సోదాలో
అటక మీద చెక్కపెట్టెలో మూడు చరఖాలు.
దాచుకోవడం ఒక్కరోజుతో ముగిసే పని కాదు,
తెల్లారిన ప్రతిసారీ మళ్లీ చేసిన పనే.
వాటికి కొత్త చట్టం వర్తిస్తుంది.

మెడ కోసిన దారానికి రెండు వేలు.
ఎవరినీ తాకని మూడు చరఖాలకు
ఎనిమిది నెలలు.

జనవరి తీసేసి ఫిబ్రవరి కొడితే?
ఒక్క మాట. ఎవరు చూస్తారు?
అనుకున్నాను, దాచడమెందుకు.
రేపు ఇంకెవడో ఇంకెవరి తారీఖో
ఇంతే తేలిగ్గా అనుకుంటాడని
భయం కూడా వేసింది.

పోల్చి చూసే శేషాచారి పైకి చదివాడు:
"జనవరి తొమ్మిది."
"సరే," అన్నాను.

కౌంటర్ దగ్గర సఫియా చిల్లర లెక్కపెడుతోంది.
నేలమీద పడ్డ ఫైలు కట్టే ఎర్రదారం ముక్కను
పిల్లవాడు వేలికి చుట్టుకుంటున్నాడు.
ఆమె చూసింది.
లెక్క మరిచిపోయి, గబుక్కున లాగేసింది.