కిరాయి

వాకోడే సర్ ప్రకల్ప్ ఇచ్చాడు:
ఐదు సంస్కృతులు, ఐదు ప్రేమకథలు,
అన్నీ శోకాంతికలే కావాలి.
పట్టిక ఆయనే గీసి చూపించాడు.
దేశం, అతను, ఆమె, అడ్డుపడిందెవరు,
చివరి గడిలో: ఎలా చనిపోయారు.

సిరొంచ కాలేజీ లైబ్రరీలో రెండు బీరువాలు,
ఒకదానికి తాళంచెవి లేదు.
తెరుచుకున్నదాంట్లోంచే ముగ్గుర్ని దించాను.
ఎడారి కథలో ఒంటె తిరిగొచ్చింది, మనిషి రాలేదు.
మంచుదేశం వాళ్లు చెరువు మీద నడిచారు,
ఇంకో నెల ముందు నడిచుంటే బతికేవాళ్లు.
దీవిలో పిల్లకి ఉత్తరం సరిగ్గానే చేరింది,
చదవడమే రాదు.

నాలుగోది రైనీ ఆత్రం చెప్పింది,
క్యాంటీన్ వెనక చింతకాయ కొరుకుతూ.
ఇద్దరివీ ఏడు దేవుళ్లేనట, అంటే అన్నాచెల్లెళ్లేనట.
తర్వాత? అన్నాను.
తర్వాతది మావాళ్లు చీకటి పడ్డాక చెప్పరు, అంది.
అప్పుడు మధ్యాహ్నం రెండు.

ఐదోదానికి ఇంటికొచ్చాను.
చిన్నవ్వ పోశుబాయి మిరపకాయల తొడిమలు తీస్తోంది.
నేను తుమ్ముతున్నాను. ఆమెకి అలవాటే.
"ఏందే రాస్తున్నవ్?"
"శోకాంతిక."
"అంటే?"
"శోకం... అంతం..."
"శోకం అంతమైతే మంచిదే గదనే,
దానికి మొకమెందుకట్ల పెట్టినవ్?"

అప్పుడు చెప్పింది, దుర్గం సమ్మయ్య సంగతి.
వంతెన లేని కాలం. ఆమెది అప్పుడు అవతలి ఒడ్డు.
ప్రాణహిత మీద పడవ, మనిషికి పావలా.
అందరి దగ్గరా తీసుకునేవాడు.
ఈమె చెయ్యి చాస్తే
నీళ్ల దిక్కు చూసేవాడు.
అట్లా మూడు వానకాలాలు.
ఎండాకాలాలు లెక్కలోకి రావు,
జనం ఇసుకలో నడిచి దాటేవాళ్లు.

"ఏం మాట్లాడుకునేటోళ్లు?"
"ఏమున్నది.
నీళ్లు పెరిగినయ్ అనెటోడు.
పెరగలె అనేదాన్ని."

శ్రావణంలో లగ్గం, ఈ ఒడ్డు పిల్లగానితో.
పెళ్లివాళ్లంతా ఆ పడవలోనే. ఏరు నిండుగా ఉంది.
నీళ్ల గురించి ఆ రోజు ఎవరూ ఏమీ అనలేదు.
దిగేటప్పుడు, పసుపు చేత్తో, అలవాటు కొద్దీ
పావలా చాచింది.

తీసుకున్నడు, అంది.

గంపలో కాయలు అడుగంటేదాకా నేనేమీ అడగలేదు.
ఆ తర్వాత సిగ్గులేకుండా చివరి గడి గురించే అడిగాను.
"సచ్చిపోయిండా?"
"ఎందుకు సస్తడే? మొన్న సంతల పుచ్చకాయలమ్మిండు.
పండ్లూడినయ్.
బ్రిడ్జి మీదికెల్లి బస్సుల వస్తడు,
కండక్టరుకు పైసలిచ్చి."

రాత్రి వరస నింపాను, మరాఠీలో.
దేశం: ఏరు, అని రాసి కొట్టేశాను.
మళ్లీ అదే రాశాను.
అడ్డుపడిందెవరు?
గోడ అవతలి నుంచి నిద్రమత్తులో చెప్పింది:
"ఎవలూ అడ్డం రాలె. మేమే అడగలె."
పావలాకి పావ్లీ దొరికింది.
'తీసుకున్నడు'కి మాట ఉంది గాని
ఆమె అన్నట్టు లేదు.
చివరి గడి వదిలేశాను.

వహీ తిరిగొచ్చింది. నాలుగు వరసలకీ టిక్కులు.
ఐదోదాంట్లో ఖాళీ గడి చుట్టూ ఎర్రసిరా సున్నా,
పక్కనే: అపూర్ణ.

చిన్నవ్వకి చదువు రాదు.
ఆ ఎర్రగీత మీద బొటనవేలు తిప్పింది,
కారం అంటిన వేలు, కాగితం మీద ఇంకో ఎరుపు.
సరిగ్గా పావలా అంత ఉంది.

"చెల్లుతదా ఇది?" అంది.