నాలుగు కిలోల మూడొందలు

ఏలూరు రోడ్డు సందులో మా బైండింగు కొట్టు.
మే నెల. జిగురు డబ్బా మీద ఈగలు.
గవర్నర్‌పేట వకీలు గారింటి నుంచి
ఆటోలో ఒంటరిగా వచ్చింది పుస్తకం,
ఎర్ర అట్ట, బంగారు కిరీటం సగం రాలిపోయి,
వెన్ను విరిగి.
అలవాటు కొద్దీ కాటాలో పెట్టాను:
నాలుగు కిలోల మూడొందలు.

ఇంగ్లండు దొరల వంశావళి అట.
తప్పిన ఇంటర్ ఇంగ్లీషుతో
కుట్టు విప్పుతూ కూడబలుక్కున్నాను.
ఎర్లు, వైకౌంట్లు, బారన్లు.
ఇంటికో బొమ్మ:
సింహం, కోసిన పంది తల, మూడు గోధుమ కంకులు.
పెద్దకొడుక్కి బిరుదూ భూమీ,
చెరువులో చేపలతో సహా.
రెండోవాడికి పటాలం. మూడోవాడికి చర్చి.
ఆ తర్వాత పుట్టినోళ్ళకి
మేమున్నాం కదా.

మా తాత చెంచయ్యకి అక్షరం ముక్క రాదు.
చేతిలో గంట, భుజాన జోలె,
తెనాలి నుంచి పొన్నూరు దాకా
నూర్పిళ్ళ కళ్ళాల్లో నిలబడి
రైతు ఇంటిపేరు పట్టుకుని
ఏడు తరాలు కిందికి దించేవాడు.
గోత్రం తప్పితే గింజ రాలదు.
ఎవరు ఏ కరువులో ఏ ఊరొదిలారో,
ఎవరు ఎవరికి దత్తు పోయారో,
ఏ ఇంటికీ ఏ ఇంటికీ పిల్లనిచ్చుకోకూడదో
అంతా నాలుక మీదే.
దానికి చెదలు పట్టదనుకున్నాం,
పక్షవాతం వచ్చేదాకా.

పదకొండొందల ముప్పై నాలుగో పేజీ.
విథర్‌కూంబ్ ఎర్లు గారి అయిదో కొడుకు
ఫ్రాన్సిస్ అగస్టస్,
గుంటూరులో పోయాడు, పద్దెనిమిదొందల అరవై ఎనిమిదిలో.
పెళ్ళి కాలేదు.
అంతే. లైనున్నర.
ఏ జ్వరమో రాయలేదు.
గంజి కాచిందెవరో, ఆఖరి రాత్రి
విసనకర్ర పట్టుకు కూర్చున్నదెవరో రాయలేదు.
పక్కన పెన్సిలుతో, తెలుగులో,
గొలుసుకట్టు రాతలో ఒకే మాట:
అబద్ధం.

వకీలు గారి తాతదా ఆ రాత?
వాళ్ళ నాయనమ్మదా?
అచ్చుకు ఎదురు చెప్పే ఓపిక
ఆ ఇంట్లో ఎవరికుండేదో.

ఆడపిల్లలకి తలా ఒక ముక్క:
ఫలానా ఏడు ఫలానావాణ్ణి చేసుకుంది,
ఆ పైన ఆ ఇంటి పేజీ చూసుకోండి.
వెళ్ళి చూశాను.
అక్కడ ఆమె, పుట్టింటి పేరు సగం తెగి,
మొగుడి బిరుదు కింద ఒదిగి ఉంది.
నవ్వబోయి ఆగాను.
తాత చెప్పిన ఏ ఏడు తరాల్లోనూ
ఒక్క ఆడపేరు విన్న గుర్తు లేదు.
వీళ్ళే నయం,
పేజీ నంబరన్నా ఇచ్చారు.

చిన్నప్పుడొకసారి అడిగాను,
తాతా, మన తరాలు చెప్పవా అని.
జోలె దులుపుతూ అన్నాడు:
"మనవి మనం చెప్పుకుంటే
గింజలెవరేస్తారే పిచ్చిదానా."

ఎమ్మార్వో ఇచ్చిన కాగితంలో
ఇప్పుడు మేము వంశరాజులం.
ఇదీ బిరుదే.
జిరాక్సుకి రెండు రూపాయలు.

విథర్‌కూంబ్ వాళ్ళ లెక్క
రెండు పేజీల తర్వాత ఆగిపోయింది.
మగపిల్లాడు లేడు, బిరుదు అంతరించింది.
నలుగురు కూతుళ్ళు బతికే ఉన్నారు ఆ మాట పైనే.

సాయంత్రం వకీలు గారి కోడలి ఫోను:
"లోపల ఎవరు చూస్తారమ్మా,
కొత్త ఫ్లాటులో షోకేసుకి.
అట్ట మెరిస్తే చాలు."

పెన్సిలు గీతలు తుడవడం మా పనిలో భాగమే.
అన్ని పేజీలూ తుడిచాను.
ఆ ఒక్క మాట దగ్గర
రబ్బరు చేతిలో పట్టుకుని
కరెంటు పోయి వచ్చేదాకా కూర్చున్నాను.
తర్వాత దారం మైనంలో ముంచి
కుట్టేశాను.

మళ్ళీ కాటాలో పెడితే
నాలుగు కిలోల మూడొందల యాభై.
యాభై గ్రాములూ
జిగురే అయ్యుంటుంది.