సగం గింజ

రేణిగుంట రోడ్డులో, విమానం దిగినప్పుడల్లా
గాజు పలకలు గిలగిలలాడే గదిలో
నా ఉద్యోగం వడ్లగింజను ఒలిచి రెండుగా కోయడం.
మొలక ఉన్న ముక్క తడి కాగితంలోకి,
మొలక లేనిది అయొడిన్ చుక్క కిందికి.

నీలం. నీలం. మళ్ళీ నీలం,
నేరేడుపళ్ళు తిన్న పిల్లోడి నాలుక మాదిరి.
నూట పద్నాలుగోది మాత్రం
వక్కాకు నమిలినట్టు ఎర్రగా తిరిగింది.

చెంగమ్మ చీపురు ఆపి వంగి చూసింది.
"ఏందిమా ఇది, దీనికేం రోగం?"

రోగం కాదు.
పిండిలో రెండు పోగులుంటాయి చెంగమ్మా,
చింతచెట్టులా కొమ్మలేసేది ఒకటి,
కొమ్మల్లేని పొడుగు దారం ఒకటి.
ఆ దారం చుట్టల్లోకి మందు దూరితేనే నీలం.
దారం వడికే జన్యువు ఆరో క్రోమోజోము మీద కూర్చుని ఉంటుంది.
దీంట్లో ఎక్కడో ఒక అక్షరం జారింది,
రాట్నం ఆగింది.
తల్లి దగ్గరా తండ్రి దగ్గరా ఆగితేనే ఇట్లా అవుతుంది.
గింజలో పిండికి తల్లివి రెండు పాళ్ళు, తండ్రిది ఒకటి.

"రెండు పాళ్ళేనా?" అని నవ్వింది.
"అది చెప్పేదానికి ఇంత గాజు సామాను కావాల్నా?"

తర్వాత నవ్వు మాని,
చీపురు గోడకానించి చెప్పింది:
"మా వడమాలపేట పక్క చెరువు కింద
ఇట్లాంటి వడ్లే ఉండేవి.
వార్చితే మెతుకు మెతుకును వదిలేది కాదు.
రెండు పిడికిళ్ళ నూకలు ఎసట్లో పోస్తే
రాగిసంగటి ముద్ద చేతిలో నిలబడేది.
పొద్దున తింటే పొద్దుగూకే దాకా ఆకలే లేదు.
మిల్లోడు బంకబియ్యం అని తూకానికి ఒప్పుకోలా.
మా అత్త చచ్చిపోయిన ఏడు
విత్తనం కుండ కూడా కడిగేసినాం."

ఆ తిండి ఆగేది రాగుల వల్లో, ఈ బియ్యం వల్లో
నా దగ్గర లెక్క లేదు.
ఉన్నట్టుండి ఆమే అడిగింది:
"కోసినావు గదా, ఇంకో సగం యాడ?"

తడి కాగితం మడత విప్పి చూపించాను.
నాలుగో రోజు.
వెంట్రుకంత వేరు, తెల్లగా,
కాగితాన్ని పొడుచుకుని కిందికి దిగుతోంది.

చెంగమ్మ చాలాసేపు ఏమీ అనలేదు.
"అయితే దీనికింకా భూమ్మీద నూకలుండాయి," అని
ఎరుపూ నీలమూ కలిపి ఊడ్చుకుంటూ పోయింది.

రిజిస్టరులో రాశాను:
నూట పద్నాలుగు, ఎరుపు.
పక్కన, ఆఫీసరు కళ్ళజోడుకు అందనంత చిన్నగా
ఆమె మాట కూడా.