పదకొండో రీలు

పోస్టరు మీద ఆవిడ పేరు గజం పొడుగు.
మా నోట్లో మాత్రం మార్తమ్మ.
గుంటూరు లాలాపేట నేలక్లాసులో
ఇంగ్లీషు ఎవడికొచ్చు?
ఆదివారం పొద్దునాటకి
హమాలీలు, రిక్షావాళ్లు, కిళ్లీకొట్టు మీరావలీ,
ట్యూషనెగ్గొట్టిన ప్లీడరుగారబ్బాయి.
ఆవిడ పెదాలు కదిలితే చాలు
"అత్తతో గొడవరా" అని ఒకడు,
"కాదెహె, అప్పులాడొచ్చాడు" అని ఇంకొకడు.
ఎన్ని నోళ్లుంటే అన్ని కథలు.

హాలు గోడకి ఆనుకునే మిరపకాయల గోడౌను.
తొడిమలు తీసే ఆడాళ్ల కబుర్లూ, ఘాటూ
ఎగ్జాస్టు ఫ్యాను సందులోంచి లోపలికొచ్చేవి.
ఆవిడ ఏడిస్తే హాలంతా ముక్కులు చీదేది.
మిషన్ రూములో సుభానీ మావ నవ్వేవాడు:
"సగం కన్నీళ్లు మార్తమ్మవి, సగం మార్కెట్టువి."

నేనాయన దగ్గర రీళ్లు చుట్టే కుర్రాణ్ణి.
ఫిల్మ్ అతికించే మందుకి
నా వేళ్లెప్పుడూ మగ్గిన అరటిపండు వాసన.
ఒకసారి, పొరపాటు నాదే,
పది ఎక్కించాల్సిన చోట పదకొండు అందించాను.

పదకొండులో ఆవిడ చచ్చిపోయింది.
కిటికీ. వాన. మెడదాకా తెల్ల దుప్పటి.
హాల్లో ఒక్క తుమ్ము లేదు.

జనం లేస్తున్నారు.
అప్పుడు తిరిగింది పది.
గాలికెగిరిపోయిన టోపీ వెనక
గౌను ఎగదోపుకుని పరిగెత్తుతూ
చిగుళ్లు కనపడేలా నవ్వింది మార్తమ్మ.
ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు,
చెప్పులు చేతిలో పట్టుకుని.

మావ నా చెంప పగలగొట్టాడు.
పై ఆదివారం టిక్కెట్ల కిటికీలో తల దూర్చి
హమాలీ పున్నయ్య:
"పోయినవారంలాగే వెయ్యండి.
కాదంటే మా అణాలు మాకిచ్చెయ్యండి."

మొన్న పేపర్లో ఎనిమిదో పేజీ,
టెండరు ప్రకటన కింద అంగుళం వార్త.
తొంభై ఆరేళ్లట. నిద్రలోనేనట.
ఫొటో కూడా వెయ్యలేదు.

మోకాళ్లు తిట్టుకుంటూ వెళ్లాను.
హాలిప్పుడు గోడౌను.
నేలక్లాసు నిండా తేజా రకం టిక్కీలు,
బాల్కనీలో తాలుకాయలు.
గుమాస్తాని బతిమాలి మిషన్ రూము మెట్లెక్కాను.
గోడకి ఆ రెండు చదరపు కన్నాలు అలాగే ఉన్నాయి.
ఒకదాంట్లో పావురం పొదుగుతోంది.
రెండోదానికి కన్నానించాను.
తెర ఉన్నచోట, టిక్కీల వరసకి పైన,
జానెడు తెల్లసున్నం.

పదకొండు అయిపోయింది మావా.
పది ఏ డబ్బాలో పెట్టావు?