ఇతర పదార్థం

నాచారంలో లారీలు తిరిగే సందు చివర మా ల్యాబు.
ఫ్రీజర్ తెరిస్తే మొహమంతా పొగ.
మైనస్ పద్దెనిమిదిలో రాయైన పౌచ్,
మీద సీతాఫలం బొమ్మ, లోపల సీతాఫలం స్మూతీ.

ముందు కరగనివ్వాలి.
నలభై నిమిషాలు. ఈలోగా నేను చాయ్ తాగొస్తాను.

ఆ తర్వాత బ్యూరెట్‌లోంచి నీలం
చుక్క, చుక్క, మరో చుక్క.
పదిహేను సెకన్లు లేత గులాబీ నిలిచిందంటే
విటమిన్ సి లెక్క తేలినట్టే.
నిజం చెప్పాలంటే, పొద్దున ఒలిచి
సాయంత్రం దాకా బండి మీద పెట్టిన పండు కంటే
ఈ గడ్డకట్టినదే కాస్త నయం.
చక్కెర మాత్రం పండుది కొంత, బస్తాది ఎంతో.
పీచు సగం జల్లెడ దగ్గరే ఆగిపోయింది.
ఇదంతా పౌచ్ వెనక చీమల బారులా రాస్తారు,
కళ్ళజోడు వెతుక్కునేలోపు గ్లాసు ఖాళీ.

మల్లాపూర్‌లో మా వెనకింటి మణెమ్మ
వానలు వెనకబట్టాక పల్ప్ షెడ్డుకు పోతుంది.
కాయలు కండ్లు తెరిచే రోజులవి.
కిలోకింతని గింజలు తీస్తుంది.
"పొద్దుగూకేసరికి ఈ ఏళ్ళు నాయి గావక్కా,
ఐసు గడ్డలైతయి" అంటుంది.
ఎప్పుడైనా తాగావా అని అడిగితే
కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.
"పండు తింటరు గని తాగుడేంది?
గింజ ఉమ్మకుంటే తిన్నట్టెట్లయితది?"

ఇవాళ నూట పదిహేడో నమూనాలో
జల్లెడ మీద ఒక గింజ మిగిలింది.
నల్లగా, నున్నగా, తడిగా.
ఫారంలో ఒక గడి ఉంటుంది:
ఇతర పదార్థం, ఉందా, లేదా.
పండులో పుట్టిన గింజ పండుకు పరాయిదట!

బ్యాచ్ నంబరు చూశాను.
చూడకపోయినా బాగుండేది.
లేదని రాస్తే ఏ పిల్లాడి పంటి కిందో కరకర.
ఉందని రాస్తే షెడ్డులో అందరికీ కోత.
పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసి
ఉంది, అని రాశాను. పక్కన, ఒకటి.

రాత్రి గోడ దగ్గర ఆమెకు చెప్పేశాను.
తిడుతుందనుకున్నా.
గిన్నె తోముతున్న చెయ్యి ఆపి
కాసేపు లెక్క కట్టినట్టు చూసింది.
"గన్ని బస్తాలల్ల
ఒక్కటేనా?" అంది.
గొంతులో కొంచెం గర్వం.